వంగే ట్రాన్స్‌డ్యూసర్ తయారీ: సిరామిక్ గాడుల్లో పాలిమర్‌ను బుడగ లేకుండా నింపడం ఎలా?

పీజెడ్‌టీ, అంటే లెడ్ జిర్కొనేట్ టైటనేట్ సిరామిక్, విద్యుత్తును కదలికగా మార్చడంలో దిట్ట. కానీ వంచితే పెంకులా విరుగుతుంది. దాన్ని సన్నని స్తంభాలుగా కోసి, నడుమ మెత్తని పాలిమర్ నింపితే గొట్టం చుట్టూ అమరేలా వంగే ట్రాన్స్‌డ్యూసర్, అంటే విద్యుత్తును కదలికగా, కదలికను విద్యుత్తుగా మార్చే పరికరం వస్తుంది. 1970ల చివర అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ న్యూన్‌హామ్ బృందం అభివృద్ధి చేసిన ఈ అమరికను 1-3 కాంపొజిట్ అంటారు (సిరామిక్ ఒక్క దిశలోనే, పాలిమర్ మూడు దిశల్లోనూ తెగకుండా సాగుతుందని ఆ అంకెల అర్థం).

ఇంత కోత ఎందుకు, సిరామిక్ పొడిని పాలిమర్‌లో కలిపి పూస్తే చాలదా అని అడిగేవారున్నారు. చాలదు. సిరామిక్ పనిచేయాలంటే ముందు పోలింగ్ చేయాలి, అంటే అధిక వోల్టేజీతో దానిలోని విద్యుత్ ధ్రువాలను ఒకే దిశకు తిప్పాలి. పాలిమర్ పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రంలో ధ్రువణం చెందే గుణం) సిరామిక్ కంటే వందల రెట్లు తక్కువ కాబట్టి, పోలింగ్ వోల్టేజీలో అధిక భాగం రేణువుల చుట్టూ ఉన్న పాలిమర్ మీదే పడి, రేణువులకు అందేది స్వల్పం. స్తంభాలు ఒక ఎలక్ట్రోడ్ నుంచి మరొకదాని దాకా తెగకుండా నిలబడతాయి గనుక వోల్టేజీ అంతా వాటికి అందుతుంది.

1 మి.మీ. మందమున్న పీజెడ్‌టీ-5ఏ రకం పలకను మైనంతో గాజుకు అతికించి, వజ్రపు బ్లేడు ఉన్న డైసింగ్ సాతో (సన్నని గాడులు కోసే రంపపు యంత్రం) 0.35 మి.మీ.కు ఒకటి చొప్పున 0.1 మి.మీ. వెడల్పు, 0.8 మి.మీ. లోతున్న గాడులు తీయాలి. పలకను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కోయాలి. ధూళిలో సీసం ఉంటుంది, పొడిగా ఎన్నడూ కోయకూడదు. మైనాన్ని అసిటోన్‌తో పూర్తిగా కడగాలి.

పని చెడేది ఇక్కడి నుంచే. గాడులు నింపే పాలిమర్‌గా నేను పాలీయూరిథేన్‌నే వాడతాను, మీరూ అదే వాడండి. సిలికోన్‌కు లోహపు పూత సరిగా అంటదు. అయితే పాలీయూరిథేన్‌కు తేమ పడదు. గట్టిపడకముందు అందులోని ఐసోసయనేట్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అదే బుడగ. నీటిలో కోసిన పలకను తుడిచి వెంటనే నింపేవారిని చూస్తే బాధ కలుగుతుంది. పలకను 100 డిగ్రీల ఓవెన్‌లో కనీసం రెండు గంటలు ఆరబెట్టి, తేమ చేరకముందే నింపాలి. వానాకాలంలో, సముద్రతీర పట్టణాల్లో ఇది మరీ ముఖ్యం.

పాలీయూరిథేన్ రెండు భాగాలనూ గాలి చొరకుండా నెమ్మదిగా కలిపి, వాక్యూమ్‌లో ఉంచితే మిశ్రమం పాలలా పొంగుతుంది. కాబట్టి నాలుగింతలు పెద్ద పాత్ర కావాలి. పొంగు కూలి, ఉపరితలం నిశ్చలమయ్యేదాకా ఆగాలి. తర్వాత మిశ్రమాన్ని పలక మీద కుమ్మరించకూడదు, ఎందుకంటే పైన కప్పుకున్న పొర కింది గాలిని బంధిస్తుంది. ఒక్క అంచు వద్దే పోస్తే గాడులు దాన్ని తమంతట తామే లోపలికి లాక్కుంటూ గాలిని అవతలి అంచుకు నెడతాయి. ఆపై మళ్లీ వాక్యూమ్ పెట్టి, గాలిని మెల్లగా వదలాలి. సూక్ష్మదర్శినిలో గాడి అడుగున వెండి పూసల్లాంటి చుక్కలు కనిపిస్తే ఆ పలకను పక్కన పెట్టేయండి. మిగిలిపోయిన బుడగ పోలింగ్‌లో టప్పుమనే స్పార్కుగా బయటపడి పలకను కాల్చేస్తుంది.

గట్టిపడ్డాక అడుగున కోయకుండా మిగిలిన సిరామిక్ పోయి 0.6 మి.మీ. మిగిలేలా రెండు వైపులా అరగదీసి, ఎలక్ట్రోడ్ల కోసం క్రోమియం, బంగారం స్పట్టరింగ్ చేయాలి, అంటే వాక్యూమ్‌లో పలుచని లోహపు పూత వేయాలి. కాల్చి అంటించే వెండి పేస్టు వాడితే పాలిమర్ మాడిపోతుంది. పోలింగ్ కోసం 60 డిగ్రీల సిలికోన్ నూనెలో 1.2 కిలోవోల్టులు 15 నిమిషాలు ఇచ్చి, వోల్టేజీ ఉండగానే చల్లార్చాలి. చేయి పెట్టేముందు ఎలక్ట్రోడ్లను షార్ట్ చేయాలి. డీ33 (ఒత్తిడికి ఎంత విద్యుదావేశం పుడుతుందో చెప్పే గుణకం) కొలతను 24 గంటలు ఆగాకే తీసుకోవాలి, పోలింగ్ కాగానే వచ్చే అంకె నిలవదు.