నోటి ద్వారా ప్రోటీన్ మందు, 4వ పాఠం: పూర్ణం లోపలే ఉందా?

ఈ వారం పూత గురించి చెప్పాలనుకున్నాను. మీరు పంపిన లెక్కలు చూశాక అది వాయిదా పడింది. యలహంక విద్యార్థి ఒకరు 97 శాతం ప్రోటీన్ కైటోసాన్ (రొయ్య పెంకుల నుంచి తీసే పదార్థం) రేణువుల్లోకి వెళ్లిందని మురిసిపోతూ రాశారు. అంత వస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. (మరొకరు బోరు నీటితో చేశారట. మన బెంగళూరు బోరు నీటిలోని కాల్షియాన్ని ట్రైపాలీఫాస్ఫేట్, అంటే కైటోసాన్‌ను రేణువులుగా కట్టే లవణం, పట్టేసుకుంటుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి.)

సెంట్రిఫ్యూజ్ తిప్పడం మీకు తెలిసిందే. పైన మిగిలిన తేటతోనే తంటా. 10 మిల్లీగ్రాముల బీఎస్ఏను (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) 15 మిల్లీలీటర్ల కైటోసాన్‌లో కలిపారు. తేటలో మిల్లీలీటరుకు 0.2 మిల్లీగ్రాములు కనిపించాయి. పదిహేనుతో గుణిస్తే 3, అంటే 70 శాతం లోపలికి వెళ్లినట్టు. కానీ ట్రైపాలీఫాస్ఫేట్ ద్రావణం 5 మిల్లీలీటర్లు పోశారు కదా, దాన్ని ఎవరు లెక్కపెడతారు? 20తో గుణిస్తే 4, అప్పుడు 60 శాతమే. రేణువులను కడిగిన నీళ్లలో అర మిల్లీగ్రాము ఉంటే 55కి దిగుతుంది. ప్రోటీన్‌కు అంటి నీలంగా మారే బ్రాడ్‌ఫర్డ్ రంగుతో 595 నానోమీటర్ల దగ్గర కొలిచేటప్పుడు ప్రోటీన్ లేని ఖాళీ రేణువుల తేటనే సున్నాగా పెట్టుకోండి. ఆ ఖాళీ తేట గొట్టం లేకుండా నేను పని మొదలుపెట్టను.

ఆ 55 కూడా లోపలిదని నమ్మకండి. తేటలో లేనిదంతా రేణువులో ఉందని ఈ పద్ధతి అనుకుంటుంది. గొట్టం గోడకు అంటినదీ, రేణువు ఒంటికి అంటినదీ అందులోనే కలిసిపోతాయి. పూర్ణం బూరె తోపు పైన పూర్ణం పూసుకుని ఉంటే నూనెలో ఏమవుతుంది? ఇక్కడ నూనె చేసే పని, కడుపులో ప్రోటీన్‌ను ముక్కలు చేసే పెప్సిన్‌ది. బీఎస్ఏ 4.7 పీహెచ్ దాటాక ఋణావేశం పొందుతుంది, కైటోసాన్ సుమారు 6.5 వరకు ధనావేశంతో ఉంటుంది. అందుకే 5.5 దగ్గర రెండూ అతుక్కుంటాయి, లోపలా బయటా తేడా చూడకుండా. 6.8లో ఆ పట్టు సడలుతుంది. మొదటి 15 నిమిషాల్లో ఊడివచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఒంటికి అంటినదే.

ఇన్సులిన్‌తో చేస్తామనేవారికి ఒక మాట. దాని అణువు బరువు బీఎస్ఏలో పదకొండో వంతు, ఆవేశం మారే మలుపు 5.3 పీహెచ్ దగ్గర. ఈ శాతాలు దానికి పనికిరావు.

సాధన: ట్రైపాలీఫాస్ఫేట్ 3, 4, 5 మిల్లీలీటర్లతో మూడు విడతలు, ప్రతిదానికీ ఖాళీ జత. 6.8 పీహెచ్‌లో 5, 15, 30, 60, 120 నిమిషాలకు, రెండేసిసార్లు కొలవండి. మొత్తం 60 రీడింగులు. గుణించిన ఘనపరిమాణం రాయని పట్టికను నేను చూడను.