స్టార్టర్ తీసి డ్రైవ్ పెట్టాక వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

హైదరాబాద్ పారిశ్రామికవాడలు జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో మోటార్‌ను స్టార్ట్ చేసే పాత స్టార్ డెల్టా స్టార్టర్ తీసేసి వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం, దీన్నే డ్రైవ్ అంటాం) పెట్టించుకోవడం మామూలైపోయింది. చేయి మాత్రం ఇంకా స్టార్టర్ అలవాటులోనే ఉంది. నేను చూసిన ప్రమాదాలు చాలావరకు అక్కడి నుంచే వచ్చాయి.

మెయిన్ ఆపేసినా షాక్ కొట్టింది

స్టార్టర్‌లో మెయిన్ ఆపితే కరెంటు పోయినట్టే. డ్రైవ్‌లో అలా కాదు. 415 వోల్టుల సప్లై లోపల డీసీగా మారి, దాదాపు 587 వోల్టులుగా కెపాసిటర్లలో నిలుస్తుంది. డిస్‌ప్లే ఆరిపోయినా అది వెంటనే దిగిపోదు. చిన్న డ్రైవ్‌కు 5 నిమిషాలు, పెద్దదానికి 15 నిమిషాలు లేదా ఇంకా ఎక్కువ ఆగాలి. ఎంతసేపన్నది డ్రైవ్ మీద లేబుల్‌లోనే రాసి ఉంటుంది. ఆ తర్వాత కూడా మల్టీమీటర్‌ను డీసీ రేంజ్‌లో పెట్టి డీసీ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య చూడండి. 50 వోల్టుల కన్నా బాగా కిందికి దిగాకే చేయి పెట్టండి. నియాన్ టెస్టర్ వెలగలేదని నమ్మకండి. స్టాప్ బటన్‌ను అసలే నమ్మకండి, అది మోటార్‌ను ఆపుతుంది గానీ కరెంటును తెంచదు. ఎంసీసీబీకి (సప్లైని తెంచే మెయిన్ బ్రేకర్‌కు) తాళం వేసి, తాళంచెవి పని చేసేవాళ్ల జేబులోనే ఉంచుకోవాలి.

మోటార్ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోంది

ఇలా అనగానే కొత్త ఎర్త్ పిట్ (ఎర్తింగ్ కోసం నేలలో తవ్వే గుంత) తవ్విద్దామంటారు. హైదరాబాద్ రాతినేలలో, అందులోనూ ఎండాకాలం, పిట్ ఎండిపోయే మాట నిజమే, నీళ్లు పోస్తూ ఉండాలి. కానీ ఇక్కడ ముందు చూడాల్సింది మోటార్ నుంచి డ్రైవ్ దాకా వచ్చే ఎర్త్ తీగ. డ్రైవ్‌లోని ఫిల్టర్ వల్ల, కేబుల్ పొడవు వల్ల లీకేజీ కరెంటు ఎప్పుడూ కొంత ఉంటుంది, 3.5 మిల్లీ ఆంపియర్లు దాటడం మామూలే. తీగ వదులైతే దానికి మిగిలిన దారి మనిషి ఒళ్లే. అందుకే కనీసం 10 చదరపు మిల్లీమీటర్ల రాగి ఎర్త్ వేయాలి, లేదంటే అదే సైజు తీగ రెండోది కలపాలి. మోటార్ ఎర్త్ నేరుగా డ్రైవ్ ఎర్త్ టెర్మినల్‌కే రావాలి. షీల్డ్ కేబుల్ (తీగల చుట్టూ లోహపు అల్లిక ఉన్నది) అయితే షీల్డ్‌ను రెండు చివర్లా బిగించండి.

ఈఎల్‌సీబీ (లీకేజీ కరెంటు కనపడితే సప్లై తెంచే బ్రేకర్) మాటిమాటికీ ట్రిప్ అవడానికీ ఈ లీకేజీయే కారణం కావచ్చు. దాన్ని బైపాస్ చేయొద్దు. డ్రైవ్‌కు వేరే ఫీడర్ (విడి సప్లై లైన్) ఇచ్చి, డీసీ లీకేజీని కూడా పట్టే టైప్ బి రకం పెట్టించండి.

మొదటిసారి ఆన్ చేయగానే ఢామ్మని పేలింది

సప్లై యు, వి, డబ్ల్యూ టెర్మినళ్లకు ఇచ్చి ఉంటారు. సప్లై ఆర్, ఎస్, టి కి, మోటార్ యు, వి, డబ్ల్యూ కి. మోటార్‌ను మెగ్గర్ చేసేముందు (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించేముందు) కూడా డ్రైవ్ వైపు తీగలు విప్పేయాలి.

మే నెల మధ్యాహ్నం హీట్ ట్రిప్

చాలా డ్రైవ్‌ల రేటింగ్ 40 డిగ్రీల వరకే, ఆపైన లోడ్ తగ్గించాలి. రేకుల షెడ్డులో ప్యానెల్ లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. తలుపు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టడం చాలాచోట్ల చూస్తాను. అలా చేస్తే దుమ్ము లోపలికి పోతుంది, దాటుకుంటూ వెళ్లేవాళ్లకు లైవ్ టెర్మినళ్లు అందుతాయి. తలుపు మూసే ఉంచండి. డ్రైవ్ పైనా కిందా మాన్యువల్ చెప్పినంత ఖాళీ వదలండి, ఫిల్టర్ శుభ్రం చేయించండి, ఎగ్జాస్ట్ పెంచండి.

కరెంటు వచ్చాక మోటార్ దానంతటదే తిరిగింది

అన్నిటిలోకీ నాకు ఎక్కువ భయం దీనికే. కరెంటు పోయిందని ఒక వర్కర్ కన్వేయర్‌లో ఇరుక్కున్న గోనెసంచి లాగుతుంటే, కరెంటు వచ్చి రోలర్ కదలడం కళ్లారా చూశాను. చేయి క్షణంలో వెనక్కి తీశాడు కాబట్టి సరిపోయింది. రన్ కమాండ్ (మోటార్‌ను తిప్పమనే ఆదేశం) సెలెక్టర్ స్విచ్ మీద ఉంది, అది ఆన్‌లోనే ఉండిపోయింది. అదే రోజు స్విచ్ తీయించి స్టార్ట్, స్టాప్ పుష్ బటన్లతో త్రీ వైర్ కంట్రోల్ (కరెంటు పోయి వస్తే మళ్లీ స్టార్ట్ నొక్కితేనే తిరిగే పద్ధతి) చేయించాం. డ్రైవ్‌లో ఆటో రీస్టార్ట్ పారామీటర్ (దానంతటదే మళ్లీ మొదలయ్యే సెట్టింగ్) ఆపేశాం. తర్వాత వర్కర్లందరి ముందే మెయిన్ తీసి, డిస్‌ప్లే పూర్తిగా ఆరాక మళ్లీ వేసి, మోటార్ కదలడం లేదని చూపించాం.