ఉప్పునీటి ట్యాంకులో రంగూ కదలికా లేవా? తేడా ఎక్కడుందో, చివరి చేపలను ఎలా ఎంచుకోవాలో చూద్దాం

చెన్నైలో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్న మనవాళ్ల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది. "నీళ్లు కుదురుకున్నాయి, రాళ్లకు ఊదారంగు పట్టింది, క్లౌన్ ఫిష్ జంట బాగానే తింటోంది. అయినా ట్యాంకు నిండినట్టు లేదు." ఆ వచ్చే ఆదివారమే రంగు చేపల కొట్లుండే కొళత్తూరు వెళ్లి, కొట్లో అన్నిటికంటే ఎక్కువ మెరిసే చేపను కవర్లో పట్టించి తెచ్చేస్తారు. నెల తిరిగేసరికి ఆ చేపైనా ఉండదు, దాని దెబ్బకు మిగతావైనా ఉండవు. చివరి రెండు మూడు చేపలను కొట్లో నిలబడి కాకుండా, ఇంట్లో మన ట్యాంకు ముందు కూర్చుని ఎంచుకోవాలన్నది నా గట్టి నమ్మకం.

ఇక్కడ చెప్పేవన్నీ 4 అడుగుల ట్యాంకును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 55 ఎత్తు అంటే దాదాపు 300 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోను అసలు నీళ్లు ఇంకా తక్కువే ఉంటాయి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఉప్పు సాంద్రత 1.025 దగ్గర; వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య. ఈ మూడూ సరిగ్గా లేకపోతే కొత్త చేప సంగతి ఇప్పుడే ఎత్తకండి.

చేపలున్నాయి, కానీ ట్యాంకు బోసిగా ఉంది

లైట్లు వేసిన గంట తర్వాత ట్యాంకు ముందు కాసేపు కదలకుండా కూర్చోండి. ఏ చేప ఏ ఎత్తులో తిరుగుతోందో గమనించండి. క్లౌన్ జంట ఎప్పుడూ తమకు నచ్చిన మూల వదలదు. మిగతావి కూడా రాళ్ల చుట్టూనే తచ్చాడుతుంటే పైన సగం ట్యాంకు ఖాళీ, కింద ఇసుక ఖాళీ. బోసిగా అనిపించడానికి కారణం అదే. అలాంటప్పుడు రాళ్లను అంటిపెట్టుకునే చేపను ఇంకొకటి తెచ్చినా ఆ ఖాళీ అలాగే ఉంటుంది.

పై నీళ్లు ఖాళీగా ఉంటే లైర్‌టెయిల్ ఆంథియాస్‌ను మించింది లేదు. ఇది మన హిందూ మహాసముద్రంలోనూ ఉండే చేప. ఒక మగ, మూడు నాలుగు ఆడవి కలిపి తెచ్చుకుంటే నారింజ, గులాబీ రంగుల్లో రోజంతా నీళ్ల మధ్య ఈదుతూనే ఉంటాయి. మగది చనిపోతే ఆడవాటిలో పెద్దది కొన్ని వారాల్లో మగగా మారి ఆ స్థానంలోకి వస్తుంది. కానీ వీటికి రోజుకు ఒక్కసారి మేత చాలదు. కనీసం మూడుసార్లు కొంచెం కొంచెం వేయాలి. ఇంట్లో ఇద్దరూ ఆఫీసుకు వెళ్లేవాళ్లైతే ఆటో ఫీడర్ పెట్టుకోండి, లేదంటే ఆంథియాస్ జోలికి వెళ్లకండి.

మధ్య నీళ్లకు ఫెయిరీ రాస్ అనే చేప ఒకటి చాలు. మగ రాస్ రెక్కలు విప్పి గిర్రున తిరిగితే చూసేవాళ్లు మాటలు ఆపేస్తారు.

అడుగున ఇసుక ఖాళీగా ఉంటే పసుపు వాచ్‌మన్ గోబీని, దానితోపాటు ఒక పిస్టల్ రొయ్యను తీసుకోండి. చాలామంది దీన్ని రంగు తక్కువని వదిలేస్తారు. ట్యాంకులో రోజూ చూడదగ్గ దృశ్యం నిజానికి ఇదే. రొయ్యకు చూపు అంతంతమాత్రం. బుల్డోజర్‌లా ఇసుకను తోసుకుంటూ బొరియలోంచి బయటికి వస్తుంది, వచ్చినంతసేపూ ఒక మీసాన్ని గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. పైనుంచి నీడ పడితే గోబీ తోక సన్నగా కొట్టుకుంటుంది. ఆ కదలిక మీసానికి తగలగానే రొయ్య లోపలికి, దాని వెనకే గోబీ. ఇద్దరికీ ఒకే ఇల్లు, కాపలా ఒకరిది, తవ్వకం ఒకరిది. ఇది కుదరాలంటే సన్న ఇసుకలో చిన్న గుల్లముక్కలు కలిసి, రెండు అంగుళాల మందమైనా ఉండాలి. రాళ్లను ఇసుక మీద కాకుండా నేరుగా ట్యాంకు అడుగు మీదే నిలబెట్టాలి, లేకపోతే తవ్వకానికి రాయి ఒరిగిపోతుంది.

ఆకుపచ్చ క్రోమిస్ గుంపును చాలా కొట్లలో సులువైన పరిష్కారంగా చూపిస్తారు. అర డజను కొంటే రెండు మూడు నెలల్లో ఒకటో రెండో మిగలడం చాలా ఇళ్లలో జరిగేదే. బలమైనది బలహీనమైనదాన్ని వరసగా తరుముతుంది. దానికి తోడు వీటికి యురోనీమా అనే సూక్ష్మజీవి ఎక్కువగా సోకుతుంది. ఒంటి పక్కన ఎర్రగా కందిన మచ్చ కనిపిస్తే అదే. ఆ జీవి చేప లేకపోయినా ట్యాంకులో బతకగలదు కాబట్టి వదిలించుకోవడం కష్టం. ఒక్క చేపకైనా అలాంటి మచ్చ ఉంటే ఆ తొట్టిలోంచి ఏ చేపనూ కొనకండి.

కొత్త చేప రాళ్ల వెనక నుంచి బయటికే రావడం లేదు

మూడు నాలుగు రోజులు దాక్కోవడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. వారం దాటినా అలాగే ఉంటే ట్యాంకులో ఎవరో పెత్తనం చేస్తున్నట్టు లెక్క. మనం దగ్గర నిలబడితే అన్నీ మేత కోసం ముందుకొస్తాయి కాబట్టి ఆ తరుముడు కనపడదు. ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టి అరగంట వీడియో తీయండి, దొంగ దొరికిపోతుంది.

చాలా ట్యాంకుల్లో ఆ దొంగ, మొదట్లో నీళ్లు పక్వానికి రావడానికని వేసిన డామ్సెల్. డొమినో డామ్సెల్ చిన్నప్పుడు నల్లగా, మూడు తెల్ల చుక్కలతో ముద్దొస్తుంది. పెరిగితే 14 సెంటీమీటర్లు అవుతుంది, తెలుపు మాసిపోతుంది, కోపం మాత్రం పెరుగుతుంది. సిక్స్‌లైన్ రాస్ కూడా అంతే, తన తర్వాత వచ్చిన చిన్న చేపలను బతకనివ్వదు.

దాన్ని పట్టి బయటికి తీయడమే అసలు పరిష్కారం. కొట్టువాళ్లు చాలామంది వెనక్కి తీసుకుంటారు, ముందే అడిగి పెట్టుకోండి. తీయడం కుదరకపోతే రాళ్ల అమరిక మార్చండి. పాత హద్దులు చెరిగిపోతే అన్నీ కొత్తగా చోటు వెతుక్కుంటాయి. కొత్త చేపను రంధ్రాలున్న అక్రిలిక్ పెట్టెలో పెట్టి, మూడు నాలుగు రోజులు అదే ట్యాంకులో వేలాడదీసి, తర్వాత వదలండి.

ఇక వేసే వరస. ముందు బెదురు చేపలు: గోబీ, ఫైర్‌ఫిష్, రాయల్ గ్రామా. తర్వాత ఆంథియాస్, ఫెయిరీ రాస్. ఆ తర్వాత పాచి తినే టాంగ్. డామ్సెల్ కావాలనే ఉంటే అన్నిటికంటే చివర, అదీ పసుపు తోక డామ్సెల్ ఒక్కటే. చివరి చేపలు కొనేముందు ఈ వరసలో మీరు ఇప్పటికే ఎక్కడున్నారో చూసుకోవాలి. టాంగ్ వచ్చేసిన ట్యాంకులో ఫైర్‌ఫిష్ వేయాలంటే ఆ పెట్టె తప్పనిసరి.

రాయల్ గ్రామా కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ముందు సగం ఊదా, వెనక సగం పసుపు ఉన్న చేపలు రెండున్నాయి. గ్రామా కరీబియన్ నుంచి వచ్చేది, ధర ఎక్కువ, గుణం నెమ్మది. బైకలర్ డాటీబ్యాక్ చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ చీటికిమాటికి కరుస్తుంది. దగ్గరగా చూడండి: గ్రామాలో ఊదా రంగు చుక్కలు చుక్కలుగా పసుపులోకి కలిసిపోతుంది, వీపు రెక్క ముందు భాగంలో ఒక నల్ల మచ్చ ఉంటుంది. డాటీబ్యాక్‌లో రెండు రంగుల మధ్య గీత గీసినట్టు తెగిపోతుంది.

టాంగ్ అద్దం వెంట ఇటూ అటూ ఆగకుండా తిరుగుతోంది

దీన్ని చూసి చురుగ్గా ఉందని సంబరపడతారు. అద్దంలో తన నీడను చూసి మొదటి రెండు మూడు రోజులు ఇలా చేస్తే ఫర్వాలేదు. ఆ అద్దానికి బయటి వైపు కాగితం అంటిస్తే తగ్గుతుంది. నెలల తరబడి అదే పనిగా తిరుగుతుంటే చోటు చాలడం లేదు. నీలి టాంగ్ కొట్లో రూపాయి బిళ్ళంత ఉంటుంది, సముద్రంలో 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పౌడర్ బ్లూ టాంగ్ మన హిందూ మహాసముద్రపు అందగత్తే, కాదనను. కానీ దానికి 6 అడుగుల ట్యాంకు కావాలి, తెల్ల మచ్చల జబ్బు అన్నిటికంటే ముందు దానికే వస్తుంది. 4 అడుగుల్లో టాంగ్ కావాలంటే టామినీ టాంగ్ లాంటి చిన్న రకం ఒక్కటే, 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. రాళ్ల మీద పాచి గీకుతూ పొద్దంతా తిరుగుతుంది.

కొట్లో ఉన్న రంగు ఇంట్లో లేదు

ముందు లైటు సంగతి. కొట్లలో నీలి లైట్లు వేస్తారు, వాటి కింద మామూలు చేప కూడా వెలిగిపోతుంది. తెల్ల లైటు వేసి చూపించమని అడగండి. తెల్లవారుజామున పాలిపోయి కనిపించడం జబ్బు కాదు, చాలా చేపలు నిద్రలో రంగు మార్చుకుంటాయి, అరగంటలో సర్దుకుంటుంది. పగలంతా వెలిసిపోయి ఉంటే మేత చూడాలి. ఎండు గుళికలు మాత్రమే వేస్తే ఎరుపు, నారింజ రంగులు నెమ్మదిగా తగ్గిపోతాయి. వారంలో ఎక్కువ రోజులు గడ్డకట్టిన మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు) కరిగించి వేయండి. టాంగ్‌కు ఉప్పూకారం కలపని నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు పాచి) క్లిప్‌కు పెట్టండి. ట్యాంకు వెనక అద్దానికి ముదురు నీలం లేదా నలుపు అంటించినా రంగు బాగా తేలుతుంది.

మేత ముట్టడం లేదు

కొన్ని చేపలను కొనకపోవడమే దీనికి పరిష్కారం. మాండరిన్ చేప రంగు చూస్తే ఎవరికైనా చేయి ఆగదు, కానీ అది రాళ్ల మీది సూక్ష్మ జీవులను రోజంతా ఏరుకు తింటుంది. కొత్త ట్యాంకులో వాటిని కొన్ని వారాల్లో ఖాళీ చేసి, ఆకలితో చిక్కిపోతుంది. సీతాకోకచిలుక చేపల్లో చాలా రకాలు పగడాలే తింటాయి. మూరిష్ ఐడల్, క్లీనర్ రాస్ ఇళ్లలో ఎక్కువకాలం బతికిన సందర్భాలు అరుదు.

ఏ చేపైనా సరే, డబ్బు ఇచ్చేముందు "కొంచెం మేత వేసి చూపించండి అన్నా" అని అడగండి. మీ కళ్ల ముందు తింటేనే కొనండి. పొట్ట లోపలికి పోయి, వీపు కత్తి అంచులా ఉంటే వద్దు. దొరికినంతవరకు హేచరీలో పుట్టిన చేపలనే అడగండి. క్లౌన్ ఫిష్ పిల్లలను మన దేశంలోనే పుట్టిస్తున్నారు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన మండపం కేంద్రం శాస్త్రవేత్తలు ఆ పద్ధతులు సాధించారు. అలాంటి చేపకు తొట్టి కొత్త కాదు, గుళికలు కొత్త కాదు.

ఎవరైనా చాటుగా సముద్ర గుర్రాన్నో, మన్నారు సింధుశాఖ నుంచి తెచ్చిన పగడాన్నో చూపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. వీటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, కొన్నవాళ్లూ నేరస్తులే.

ఎండాకాలంలో చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి

మే నెల మండుటెండల్లో, ఇక్కడివాళ్లు అగ్నినక్షత్రం అనే రోజుల్లో, మూసిన గదిలో ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. చురుకైన చేపలకే ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కాబట్టి మొదట దెబ్బతినేవీ అవే. ఆంథియాస్, రాస్, టాంగ్ పెంచాలనుకుంటే చేపల బడ్జెట్‌కు ముందు నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రానికి బడ్జెట్ వేసుకోండి. నీటి మీద చిన్న ఫ్యాన్ పెడితే కొంత తగ్గుతుంది గానీ చెన్నై ఉక్కపోతలో ఆవిరి సరిగ్గా అవదు కాబట్టి ఒకటి రెండు డిగ్రీలకు మించి ఆశించకండి. నీళ్లలో ప్రవాహం పుట్టించే వేవ్‌మేకర్ ఒకదాని మూతిని నీటి పైభాగం వైపు తిప్పి అలలు లేచేలా చూడండి. కరెంటు పోతే తనంతట తానే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తప్పక ఉండాలి.

ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే సాంద్రత పెరిగిపోతుంది. ఆ మంచినీళ్లు వంటింటి ఆర్ఓ నుంచి పడితే ముందు నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. చాలా వంటింటి యంత్రాల్లో రుచి కోసం ఆర్ఓ వడపోతకు వెళ్లని నీళ్లు కొంత కలుపుతారు. మీటరు వందకు అటూ ఇటూ చూపిస్తుంటే పాచి పెరగడానికి కారణం అదే. ట్యాంకు కోసం వేరే ఆర్ఓ–డీఐ (ఆర్ఓ తర్వాత మిగిలిన లవణాలను కూడా తీసేసే యంత్రం) పెట్టుకోవడం మంచిది.

బెసెంట్ నగర్ బీచ్ నుంచి నీళ్లు తెచ్చుకోవచ్చు కదా అని అడుగుతారు. వద్దు. పక్కనే అడయారు నది సముద్రంలో కలుస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత తీరంలో ఉప్పు శాతం కూడా పడిపోతుంది.

పొద్దున లేచేసరికి చేప నేల మీద ఉంది

ఫైర్‌ఫిష్, ఫెయిరీ రాస్ చిన్న సందు దొరికినా దూకుతాయి. అద్దం మూత వేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. అల్యూమినియం ఫ్రేముకు సన్న వల బిగించి కప్పండి. పైపులు, వైర్లు దిగే మూలలు కూడా మూయాలి.

కొత్త చేప వచ్చిన వారానికి అన్నిటికీ తెల్ల చుక్కలు

ఉప్పు రవ్వలు చల్లినట్టు చుక్కలు కనిపిస్తే క్రిప్టోకేరియన్ అనే పరాన్నజీవి. చుక్కలు రెండు మూడు రోజుల్లో మాయమైతే తగ్గిందనుకోకండి. అవి కిందికి రాలి, ఇసుకలో విడిపోయి, ఎన్నో రెట్లై మళ్లీ వస్తాయి. అన్ని చేపలనూ వేరే తొట్టిలోకి మార్చి రాగి మందు వాడాలి, మోతాదును టెస్ట్ కిట్‌తో రోజూ చూసుకోవాలి. అసలు ట్యాంకులో రాగి మందు పడకూడదు, రొయ్యలూ నత్తలూ చనిపోతాయి. ఆ ట్యాంకును చేపలు లేకుండా 76 రోజులు వదిలేయడం అనుభవజ్ఞుల పద్ధతి.

ఈ బాధ లేకుండా ఉండాలంటే కొన్న ప్రతి చేపనూ, ఎంత నమ్మకమైన కొట్టు నుంచి తెచ్చినా, నాలుగు వారాలు విడిగా ఉంచండి. 60 లీటర్ల తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు చాలు. స్పాంజ్‌ను ముందే కొన్ని వారాలు పెద్ద ట్యాంకు సంప్‌లో (ఫిల్టర్ ఉండే కింది తొట్టిలో) నానబెట్టి ఉంచుకుంటే బాక్టీరియా సిద్ధంగా ఉంటుంది. ఆ నాలుగు వారాల్లో చేప మీ మేతకు అలవాటు పడుతుంది, దాని గుణం మీకు తెలుస్తుంది. తర్వాత సాయంత్రం లైట్లు తీసేసి, పాత చేపలకు కడుపు నిండా మేత పెట్టి, కొత్తదాన్ని వలతో కాకుండా గ్లాసుతో పట్టి పెద్ద ట్యాంకులోకి మార్చండి. వలలో రెక్కలు చిక్కుకుంటాయి.