ఇంటి కేకు, మెట్టు మెట్టుగా – 5వ పాఠం: చెన్నై ఎండలో క్రీమ్ నిలబెట్టడం

పోయిన పాఠంలో 6 అంగుళాల టిన్నులో వనిల్లా స్పాంజి చేశాం. అది పూర్తిగా చల్లారి, ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే ఈ పాఠానికి మీరు సిద్ధమైనట్టే. పొద్దున చేసిన స్పాంజికి మధ్యాహ్నమే క్రీమ్ పూసేద్దామనుకుంటే కాస్త ఆగండి. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది కానీ, లోపలి వేడి పోవడానికి చాలాసేపు పడుతుంది. ఆ వేడే పైన పూసిన క్రీమ్‌ని నెమ్మదిగా కిందికి జార్చేస్తుంది. పైగా రాత్రంతా చల్లబడ్డ స్పాంజిని కోస్తే పొడి కూడా తక్కువ రాలుతుంది.

కేకు నున్నగా రాకపోతే చాలామంది తమకింకా చెయ్యి తిరగలేదని సరిపెట్టుకుంటారు. చెయ్యి తిరగడానికి టైమ్ పడుతుంది, కాదనను. కానీ మన ఊళ్ళో నూటికి తొంభై కేకులు పాడయ్యేది చేతి వల్ల కాదు, వేడి వల్లే. యూట్యూబ్‌లో మనం చూసే వీడియోలు చాలావరకు చలిదేశాల వంటిళ్ళలో తీసినవి. అక్కడ గిన్నెడు క్రీమ్ బల్ల మీద పెట్టి అరగంట కబుర్లు చెప్పినా దానికేమీ కాదు. మన దగ్గర మే నెల మధ్యాహ్నం, పొయ్యి వెలిగించిన వంటింట్లో, అదే క్రీమ్ పది నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. అందుకే ఈ పాఠంలో పూసే పద్ధతి కంటే చల్లగా ఉంచే పద్ధతి గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఏ క్రీమ్ కొనాలో చూద్దాం.

కూరల్లో వేసుకునే ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్‌లో మామూలుగా 25 శాతం దాకా కొవ్వు ఉంటుంది. దాన్ని ఎంత కొట్టినా నిలబడదు, బీటర్ వేడెక్కడమే మిగులుతుంది. పాల క్రీమ్ కొట్టినప్పుడు నిలబడాలంటే కనీసం 30 శాతం కొవ్వు ఉండాలి. 35 ఉంటే ఇంకా హాయి. రెండో రకం నాన్ డైరీ విప్పింగ్ క్రీమ్. ఇందులో పాల కొవ్వు బదులు మొక్కల నుంచి తీసిన కొవ్వు, ఎక్కువగా పామ్ కెర్నెల్ నూనె, ఉంటుంది. చక్కెర ముందే కలిపి ఉంటుంది కాబట్టి మనం మళ్ళీ వేయక్కర్లేదు. పాల క్రీమ్ కొడితే ఇంచుమించు రెండింతలు అవుతుంది, ఇది మూడింతలు దాటి పొంగుతుంది. బేకరీల్లో మనం తినే బ్లాక్ ఫారెస్ట్ మీద ఉండేది ఎక్కువగా ఇదే.

కొవ్వులో ఈ తేడా ఎందుకంత ముఖ్యమో తెలిస్తే తర్వాత చెప్పేవన్నీ సులువుగా గుర్తుంటాయి. క్రీమ్ కొడుతుంటే అందులోకి గాలి బుడగలు చేరతాయి. చల్లదనానికి గట్టిపడి ఉన్న కొవ్వు బిందువులు ఒకదానికొకటి అతుక్కుని, ఆ బుడగల చుట్టూ గోడ కడతాయి. పాల కొవ్వు కొంచెం వెచ్చబడినా మెత్తబడుతుంది. గోడ మెత్తబడితే బుడగ పగులుతుంది, నీరు కిందికి దిగుతుంది. నాన్ డైరీలో కొవ్వు ఇంకాస్త ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది, దానికి తోడు నిలబెట్టే పదార్థాలు కూడా కలుపుతారు.

రుచిలో పాల క్రీమ్‌కి సాటి లేదు, అందులో వాదనే లేదు. కానీ చెన్నైలో దానితో కేకు మొత్తం పూయాలనుకుంటే మార్గళి నెల దాకా, అంటే డిసెంబరు చలి వచ్చేదాకా, ఆగమంటాను. మిగతా రోజుల్లో నాన్ డైరీ వాడండి, లేదా రెండూ సగం సగం కలిపి కొట్టండి. నేనైతే ఈ సగం సగానికే ఓటేస్తాను. "అది డాల్డా కదండీ" అని ముఖం చిట్లించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. డాల్డా లాంటి గట్టిపరిచిన నూనెల్లో గుండెకి చెడుచేసే ట్రాన్స్ ఫ్యాట్ ఉండేది. నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదనే నియమం మన దేశంలో 2022 జనవరి నుంచి అమలులో ఉంది. ప్యాకెట్ మీద ఆ అంకె చూసి కొనండి. పుట్టినరోజుకో పండక్కో తినేదాన్ని రోజూ తినేలా చేసుకోకపోతే సరిపోతుంది.

నాన్ డైరీ క్రీమ్ గడ్డకట్టిన డబ్బాగా దొరుకుతుంది. బేకరీ సామాను కొట్టు ఇంటికి దూరమైతే ఒక థర్మాకోల్ పెట్టె పట్టుకెళ్ళండి. బండి మీద ఎండలో కరిగి, ఇంటికొచ్చాక ఫ్రీజర్‌లో మళ్ళీ గడ్డకట్టిన క్రీమ్ సరిగా పొంగదు. వాడే ముందు రోజు డబ్బాని ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి దించండి. కిలో డబ్బా కరగడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. తొందరపడి వంటింటి గట్టు మీద పెట్టొద్దు, అంచులు వెచ్చబడిపోతాయి, నడుమ ఐసు గడ్డ అలాగే ఉంటుంది. కరిగాక డబ్బాని బాగా ఊపి, కావలసినంత వంచుకోండి. 6 అంగుళాల కేకుకి 250 నుంచి 300 గ్రాములు చాలు. మిగిలింది ఫ్రిజ్‌లోనే ఉంచి, డబ్బా మీద రాసిన గడువులోపు వాడేయండి.

ఇక కొట్టడం.

స్టీలు గిన్నె, బీటర్ పుల్లలు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. గాజు, ప్లాస్టిక్ గిన్నెల కంటే స్టీలు త్వరగా చల్లబడుతుంది. ఇంకో పెద్ద గిన్నెలో ఐసు ముక్కలు, గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి, దాని మీద ఈ గిన్నె కూర్చోబెట్టండి. ఐసుకి ఉప్పు తగిలితే అది సున్నా డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. గిన్నె నుంచి గిన్నెకి ఉప్పునీళ్ళు చిందకుండా మాత్రం చూసుకోండి. క్రీమ్‌లో అక్కడక్కడా చిన్న ఐసు పలుకులు తగులుతున్నా ఫరవాలేదు, అవి కొట్టేటప్పుడే కరిగిపోతాయి.

మొదటి నిమిషం తక్కువ స్పీడ్‌లో, తర్వాత మధ్య స్పీడ్‌లో కొట్టండి. ఎక్కువ స్పీడ్ పెడితే త్వరగా అవుతుంది కానీ, పెద్ద పెద్ద బుడగలు చేరి, పూసినప్పుడు సన్నటి చిల్లులు పడతాయి. గడియారం చూడొద్దు, గిన్నెలోకి చూడండి. మొదట నురగ, తర్వాత బీటర్ వెనకాలే గీతలు పడి వెంటనే చెరిగిపోతాయి, ఇంకాసేపటికి గీతలు చెరగకుండా నిలుస్తాయి. ఇక్కడ ఆపి బీటర్ పైకెత్తండి. కొసన క్రీమ్ నిలబడి, ముక్కు మాత్రం కొంచెం కిందికి వంగితే కేకు పూయడానికి సరిగ్గా అయినట్టు. ముక్కు నిటారుగా నిలిచేదాకా కొట్టడం పూలు వేసేవాళ్ళకి, అంటే వచ్చే పాఠానికి. ఈ తేడా చాలా పుస్తకాల్లో చెప్పరు. మనం పూత కత్తితో (పళ్ళు లేని, చదునైన పాలెట్ నైఫ్) పూసే ప్రతి పూతా క్రీమ్‌ని ఇంకా కొట్టినట్టే లెక్క. గట్టిగా కొట్టి మొదలుపెడితే, పూత సగంలో ఉండగానే దూదిలా పొడిపొడిగా చిరుగుతుంది.

అలా అయిపోతే పారేయకండి. కొట్టని క్రీమ్ రెండు మూడు చెంచాలు పోసి, బీటర్‌తో కాకుండా గరిటెతో నెమ్మదిగా కలిపితే మళ్ళీ నునుపు తిరుగుతుంది. పాల క్రీమ్ హద్దు దాటితే మాత్రం వెన్న పడుతుంది. దానికి తిరుగు దారి లేదు, బ్రెడ్డు తెచ్చుకోవడమే.

విల్లివాక్కం నుంచి ఒక అక్కయ్య అడిగారు: "మా ఇంట్లో ఏసీ పడగ్గదిలోనే ఉందమ్మా, వంటింట్లో ఫ్యాన్ కూడా లేదు, నాకు కుదురుతుందా?" తప్పకుండా కుదురుతుంది అక్కయ్యా. టర్న్ టేబుల్ (కేకుని పెట్టి తిప్పే చిన్న బల్ల), కేకు పడగ్గదికి తీసుకెళ్ళండి. ముందే అరగంట ఏసీ వేసి, ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ గాలికి క్రీమ్ పైపొర ఆరిపోయి పెచ్చులు కడుతుంది. మంచం పక్క బల్ల మీద కేకులు పూసేవాళ్ళు ఈ ఊళ్ళో బోలెడంతమంది ఉన్నారు. ఏసీ అసలే లేనివాళ్ళు తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టండి, ఇంట్లో కాఫీల సందడి మొదలయ్యేలోపు పని అయిపోతుంది.

స్పాంజిని మూడు పొరలుగా కోద్దాం. పళ్ళున్న బ్రెడ్ కత్తి తీసుకోండి. ఒక్కసారిగా దూర్చకుండా, టర్న్ టేబుల్ తిప్పుతూ చుట్టూ ఒక అంగుళం లోతు గాటు పెట్టుకోండి, ఆ గాటే కత్తికి దారి చూపిస్తుంది. కేకు కింద పెట్టే అట్ట మీద చెంచాడు క్రీమ్ రాసి మొదటి పొర పెట్టండి, కదలదు. 100 మి.లీ. నీళ్ళలో 50 గ్రాముల చక్కెర కరిగించి చల్లార్చిన పాకాన్ని బ్రష్‌తో అద్దండి. పోయొద్దు, అద్దండి. తడి ఎక్కువైతే మన ఉక్కకి రెండో రోజే పుల్ల వాసన వస్తుంది.

మామిడి సీజన్‌లో బంగినపల్లి ముక్కలు మధ్యలో పెట్టాలని అందరికీ ఉంటుంది. ఉడికించని ముక్కలు అలాగే పెడితే నీరు వదిలి పొరలు జారతాయి. ఒక పండు ముక్కల్ని చెంచాడు చక్కెరతో సన్నమంట మీద దగ్గరపడేదాకా ఉడికించి, చల్లార్చి వాడండి. ఉడికించని అనాసపండు అయితే ఇంకా ప్రమాదం. అందులో ప్రోటీన్లని విరగ్గొట్టే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాల క్రీమ్‌కి తగిలితే చేదెక్కుతుంది. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. డబ్బాలో వచ్చే అనాస ముక్కలు ముందే వేడి తగిలినవి కాబట్టి భయం లేదు. ఏ పండైనా సరే, ముందు పొర అంచు చుట్టూ క్రీమ్‌తో చిన్న గట్టు వేసి, పండు ఆ లోపలే ఉంచండి. చివరి పొరని తలకిందులు చేసి, టిన్ను అడుగు భాగం పైకి వచ్చేలా పెట్టండి. అదే అన్నిటికంటే చదునుగా ఉంటుంది.

ఇప్పుడు పల్చగా ఒక పూత. స్పాంజి కనబడుతున్నా ఫరవాలేదు, పొడిని పట్టి ఉంచడమే దీని పని. క్రీమ్ గిన్నెని, కేకుని ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ ఇరవై నిమిషాలూ ఆగలేకే చాలామంది అసలు పూతలో పొడి లేపుకుంటారు.

అసలు పూతకి క్రీమ్ ఎక్కువే వేయండి. పొదుపుగా వేస్తే కత్తి స్పాంజిని తాకి పొడిని లాక్కొస్తుంది. ఎక్కువ వేసి, తీసేయడం తేలిక. ముందు పైన, తర్వాత పక్కన. పక్కన పూసేటప్పుడు కత్తిని నిలువుగా పట్టుకుని, దాని అంచు కేకుని మెల్లగా తాకేలా ఉంచి, చేతిని అక్కడే ఆపేయండి. తిరగాల్సింది బల్ల. ఎడమ చేత్తో బల్లని ఆగకుండా ఒక్క చుట్టు తిప్పి, చుట్టు పూర్తయ్యేచోట కత్తిని పక్కకి లాగండి. ప్రతి చుట్టు తర్వాత కత్తిని గిన్నె అంచుకి తుడవండి. పక్కలు నున్నబడేసరికి పై అంచున క్రీమ్ చిన్న ప్రహరీలా లేస్తుంది. శుభ్రమైన కత్తిని పడుకోబెట్టి, ఆ అంచుని బయటి నుంచి మధ్యకి ఒక్కొక్క లాగుడుతో లోపలికి తేవాలి. ఒక్కో లాగుడుకి ఒకసారి తుడుపు. ఇక్కడ బద్ధకిస్తే అంచు పదును రాదు.

పూస్తూ క్రీమ్ రంగు గమనించండి. చల్లగా ఉన్నప్పుడు పైన మెరుపు ఉండదు. మెరుపు కనబడిందంటే కరగడం మొదలైంది. వెంటనే కత్తి కింద పెట్టి కేకుని ఫ్రిజ్‌లోకి పంపండి. ఇంకొక్క చుట్టే కదా అని కక్కుర్తి పడొద్దు.

రంగు వేయాలనుకుంటే జెల్ రంగులే వాడండి, నీళ్ళ రంగులు క్రీమ్‌ని పల్చబరుస్తాయి. కావలసినదానికంటే ఒక వన్నె తక్కువలో ఆపండి, గంటలో అదే ముదురుతుంది.

కత్తిరి రోజులకి, అంటే మే 4 నుంచి నెలాఖరు దాకా ఉండే మండుటెండలకి, నా సలహా వేరే. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అది కూడా ఆ వెనకే వస్తుంది. ఆ రోజుల్లో బయట వేడుకైతే క్రీమ్ మానేసి గనాష్ (వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించి చేసే ముద్ద) పూయండి. 200 గ్రాముల డార్క్ చాక్లెట్ కాంపౌండ్‌కి 100 గ్రాముల వేడి క్రీమ్, తెల్ల చాక్లెట్ అయితే 300 గ్రాములకి 100. కాంపౌండ్‌లో కోకో వెన్న బదులు వేరే కొవ్వు ఉంటుంది, అసలు చాక్లెట్‌లోని కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. రాత్రంతా ఉంచితే పూయడానికి వీలైన ముద్ద అవుతుంది. ఫాండెంట్ (చపాతీలా ఒత్తి కేకు మీద కప్పే చక్కెర ముద్ద) జోలికి మాత్రం ఇప్పుడు పోవద్దు. సముద్రం పక్క ఊళ్ళో చక్కెర గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఫ్రిజ్ నుంచి తీస్తే చెమటలు పడుతుంది.

కేకుని ఎవరింటికైనా తీసుకెళ్ళాలంటే, కారు ఏసీ ముందే వేసి, పెట్టెని సీటు మీద కాకుండా ముందు సీటు కింద కాళ్ళు పెట్టుకునేచోట ఉంచండి. సీటు వాలుగా ఉంటుంది, డిక్కీ పొయ్యిలా కాలుతుంది. బండి మీద వద్దే వద్దు.

ఈ వారం అభ్యాసానికి స్పాంజి ఖర్చు పెట్టొద్దు. కేకు టిన్నునే టర్న్ టేబుల్ మీద బోర్లించి, దాని మీద క్రీమ్ పూసి, నున్నగా చేసి, గీకి గిన్నెలో వేసి మళ్ళీ పూయండి. మధ్యమధ్య టిన్నుని, గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టండి. క్రీమ్ దూదిలా అయ్యేదాకా అదే తిప్పి తిప్పి వాడొచ్చు. అంచు ఒక్కటి కుదిరితే చాలు, మిగతావి వస్తాయి.

6వ పాఠంలో పూలు వేద్దాం. అప్పటికి క్రీమ్ నింపి పిండే పైపింగ్ బ్యాగు ఒకటి, దాని కొసన పెట్టే 1ఎం నాజిల్ (నక్షత్రం ఆకారపు చిల్లున్న మూతి), పొడుగాటి గ్లాసు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. గ్లాసు దేనికంటారా? బ్యాగుని అందులో నిలబెట్టి అంచు మడిస్తే క్రీమ్ నింపడానికి రెండో మనిషి అక్కర్లేదు.