చింతపిక్కలతో గుండాట: మా ఇంట్లో ఆడే పద్ధతి

సంక్రాంతి మూడు రోజులూ మా కోనసీమలో కోడిపందేల బరుల పక్కనే గుండాట బల్లలు వెలుస్తాయి. గ్లాసులో మూడు పాచికలు గిలకొట్టి, ఏ బొమ్మ పడుతుందో పందెం కాసే ఆట అది. నా చిన్నప్పుడు ఒక కనుమ నాడు మా నాన్న కొబ్బరికాయలమ్మిన డబ్బంతా ఆ బల్ల దగ్గర పోగొట్టుకుని, పైగా అప్పు చేసి, చీకటి పడ్డాక ఇంటికొచ్చారు. అమ్మ ఒక్క మాట అనలేదు. మర్నాడు మేం పిల్లలం అదే ఆట ఆడతామని మారాం చేస్తే, చింతపిక్కల డబ్బా తెచ్చి మా ముందు పెట్టి, "ఆడుకోండి, వీటితోనే" అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో వీటితోనే. డబ్బు పెట్టి ఆడితే 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం నేరం కూడాను.

పిక్కలు కడిగి రెండు రోజులు ఎండబెట్టండి. గుజ్జు అంటుకుని ఉంటే వేళ్లకి జిగురు, చాపకి చీమలు. మనిషికి 60 పిక్కలు. అయిదారుగురుంటే ఆట బాగుంటుంది.

పాత క్యాలెండరు కాగితం వెనక ఆరు గళ్లు గీసి వరసగా ఆఠీన్, డైమన్, కళావరు, ఇస్పేటు, జెండా, కిరీటం బొమ్మలు వెయ్యండి. గడి మూలన 1 నుంచి 6 దాకా చుక్కలు పెడితే మామూలు పాచికలు మూడు సరిపోతాయి. పాచికల మీద బొమ్మలు అంటించకండి, జిగురు ఒక పక్క ఎక్కువై బరువు మారిపోతుంది. గ్లాసు మాత్రం స్టీలుదే కావాలి. ప్లాస్టిక్ గ్లాసైతే వెలుతురులో లోపలి చుక్కలు కనిపిస్తాయి.

గ్లాసు వేసే మనిషి పాచికల్ని గిలకొట్టి పీట మీద బోర్లిస్తారు. అప్పుడు మిగతావాళ్లు నచ్చిన గళ్ల మీద పిక్కలు కాస్తారు, ఎన్ని గళ్ల మీదైనా కాయొచ్చు. "చేతులు తియ్యండి" అన్నాక ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ పందెం పోయినట్టే, మా పెద్దమ్మకైనా ఇదే లెక్క. గ్లాసు తీశాక పాచిక ఒకదాని మీద ఒకటి ఎక్కినా, పీట దిగి దొర్లినా, మూడూ మళ్లీ వెయ్యాలి.

మీరు కాసిన బొమ్మ ఒక పాచిక మీద పడితే కాసినన్ని వస్తాయి. రెండింటి మీద పడితే రెండింతలు, మూడింటి మీదా పడితే మూడింతలు. కాసినవి ఎలాగూ మీవే. పడకపోతే గ్లాసు వేసినవాళ్లవి. పోయిన ఏడాది మా వదిన ఆఠీన్ మీద 4, జెండా మీద 2 కాసింది. 1, 1, 5 పడ్డాయి. అంటే ఆఠీన్ రెండు, జెండా ఒకటి. ఆవిడకి 8, 2 కలిపి 10 వచ్చాయి. ఇస్పేటు మీద నేను కాసిన 3 పోయాయి. ముందు పోయినవి ఎత్తుకుని, తర్వాతే గెలిచినవాళ్లకి ఇవ్వండి, లెక్క కలగాపులగం కాదు.

ఒక గడి మీద అందరివీ కలిపి ఎన్ని పిక్కలు పడొచ్చో హద్దు ఉండాలి. గ్లాసు వేసే మనిషి దగ్గరున్నవాటిలో మూడో వంతు. 60 ఉంటే గడికి 20. అప్పుడు ఏం పడినా ఇవ్వాల్సింది 60కి మించదు, చేతులెత్తేసే పని ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, గ్లాసు చేతులు మారాలి. ఆరు వేతలు కాగానే కుడిపక్క వాళ్లకి ఇచ్చెయ్యాలి, అందరికీ సమానంగా వంతులు వచ్చాకే ఆట ముగించాలి. మొదట్లో మేం ఇది పాటించలేదు. గ్లాసు మా మావయ్య దగ్గరే ఉండిపోయి, రాత్రయ్యేసరికి పిక్కలన్నీ ఆయన ముందు కుప్పగా చేరాయి. మోసమేమీ లేదు, ఆట లెక్కే అంత. ఆరు గళ్లు, మూడు పాచికలు కదా, సగానికి సగం అవకాశం అనిపిస్తుంది. ఆరు గళ్ల మీదా ఒక్కో పిక్క పెట్టి చూడండి. మూడు వేరు వేరు బొమ్మలు పడితే మూడు పోతాయి, మూడు వస్తాయి, ఎవరికీ ఏమీ లేదు. జంట పడితే ఒక గడికి రెండు, ఇంకో గడికి ఒకటి వస్తాయి, కానీ నాలుగు గళ్లవి పోతాయి. ఒకటి నష్టం. మూడూ ఒకటే పడితే మూడు వచ్చి అయిదు పోతాయి. రెండు నష్టం. జంట పడగానే అందరం కేరింతలు కొడతాం, ఆ వేతలోనే పిక్క అవతలికి జారుతుంది. మూడు పాచికలు పడే తీరులు 216. ఒకే గడి మీద ఒక్కో పిక్క చొప్పున వాటన్నిటికీ కాస్తే 125 పోతాయి, 108 వస్తాయి. ఆ తేడా 17 గ్లాసు దగ్గర ఉన్నవాళ్లవే. ఇది నేను కాగితం మీద వేసి చూపించిన రోజు మా నాన్న ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

చివర్లో ఎవరి దగ్గర ఎక్కువ పిక్కలుంటే మొదటి అరిసె వాళ్లది. గెలిచిన పిక్కలు మరుసటి ఏడాదికి చెల్లవు, అన్నీ డబ్బాలోకే.

మధ్యలో పిక్కలు అయిపోయినవాళ్లకి ఎవరూ అప్పు ఇవ్వకూడదు. ఈ నియమం మా నాన్న పెట్టింది. అయిపోయినవాళ్లు పీట పక్కన కూర్చుని, ప్రతి వేతకీ గ్లాసు ఎత్తి ఏం పడిందో గట్టిగా చదువుతారు.