నాణెం పొర ఊడిందా, ఊడగొట్టారా? (సమస్య - పరిష్కారం)

విజయవాడలో నా దగ్గరికి ‘ఎర్రర్ కాయిన్ (టంకశాలలోనే తయారీ తప్పుతో బయటికి వచ్చిన నాణెం) దొరికింది, చూడండి’ అని వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆ నాణేన్ని తూచకుండానే వస్తారు. వన్ టౌన్‌లో ఏ నగల కొట్లో అడిగినా మిల్లీగ్రాములు చూపించే కాటా ఉంటుంది, తూచడానికి అర నిమిషం పట్టదు. ముందు తూచండి, బరువు కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత కిందిది చదవండి.

సమస్య: పాత రెండు రూపాయల బిళ్ళ ఎర్రబడింది, పై పొర పోయి రాగి బయటపడినట్టుంది.

కారణం: 1992 నుంచి 2004 దాకా వచ్చిన ఆ పదకొండు పలకల బిళ్ళకు అసలు పొరలే లేవు. 75 పాళ్లు రాగి, 25 పాళ్లు నికెల్ కలిపి కరిగించిన ఒకే లోహం అది. మైసూర్‌పాక్ ముక్కలా ఎక్కడ కోసినా లోపలా అదే రంగు. లేని పొర ఊడదు. కృష్ణ మీద రైలు వంతెన దాటుతూ జనం వేసిన నాణేలు ఏళ్ల తర్వాత ఇసుకలో దొరుకుతాయి చూడండి, వాటికి ఇలాంటి ఎరుపే పడుతుంది. నీరు, మట్టి, వేడి చేసే పని అది.

పరిష్కారం: 6 గ్రాముల దగ్గర తూగితే దాని విలువ రెండు రూపాయలే. కొత్త స్టీలు రూపాయి మీద ఎరుపు కనిపించినా ఇదే మాట. అందులో ఉన్నది ఇనుము, క్రోమియం. లోపల రాగి లేదు.

సమస్య: పెచ్చు లేచింది.

కారణం: లోహాన్ని రేకుగా సాగదీసేటప్పుడు లోపల మలినమో గాలో చిక్కుకుంటే అక్కడ పెచ్చులూడుతుంది. రాగి, వెండి, మాంగనీసు కలిపి 1942-45 మధ్య అమెరికా కొట్టిన యుద్ధకాలపు 5 సెంట్ల నాణేల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

పరిష్కారం: పెచ్చు ఊడినచోట పడిన గుంటలోకి భూతద్దంతో చూడండి. అడుగున ఒకే దిక్కుగా సాగిన సన్నని గీతలుంటే నమ్మవచ్చు. గుంటలోనూ బొమ్మ మసకగా పడి ఉంటే, అచ్చు కొట్టకముందే పెచ్చు ఊడిందన్నమాట. గుంట గట్టు మీద లోహం పైకి లేచి ఉంటే ఎవరో ఉలితోనో మేకుతోనో గీకారు. సగం లేచిన పెచ్చును మాత్రం గోటితో లాగకండి.

సమస్య: అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన క్వార్టర్ (25 సెంట్ల నాణెం) ఒకవైపు తెల్లగా, ఒకవైపు రాగి రంగులో ఉంది.

ఇక్కడ నిజంగానే పొరలున్నాయి. 1965 నుంచి క్వార్టర్‌కు లోపల రాగి, రెండువైపులా రాగి-నికెల్ రేకు. మంచి నాణెం 5.67 గ్రాములు. ఒక రేకు లేకుండా అచ్చుపడితే 4.7 చుట్టుపక్కల తూగాలి. 5.6 తూగితే అది మరకో, పూతో, అక్కడితో వదిలేయండి.

బరువు తగ్గితే? నేను దెబ్బతిన్నది ఇక్కడే. గుంటూరులో ఒకరి దగ్గర కాటా పెట్టి మరీ చూసుకున్నాను, 4.7 చూపించింది. ఎనిమిది వేలు ఇచ్చి తెచ్చుకున్నాను. వారం తర్వాత ఎండలో పెట్టి చూస్తే రాగివైపు అక్షరాలు ఎండిన పుల్లల్లా సన్నబడి ఉన్నాయి. రెండో వైపుకు మైనమో గోళ్ల రంగో పూసి, ఈ వైపును యాసిడ్‌లో నానబెట్టారు. యాసిడ్ లోహాన్ని తింటే బరువు ఎలాగూ తగ్గుతుంది. కావలసిన తూకం వచ్చేదాకా నానబెట్టి తీశారు, అంతే. అంటే తూకం అబద్ధాన్ని పట్టిస్తుంది గానీ నిజాన్ని రుజువు చేయదు.

అందుకే బరువు సరిపోయాక మూడు చోట్ల చూస్తాను. మొదట అంచు. మామూలు క్వార్టర్ అంచుకు తెలుపు, గోధుమ, తెలుపు చారలుంటాయి. అసలైన దోషపు నాణేనికి ఒక తెల్లచార అసలే ఉండదు, రాగి అటు గట్టుదాకా నిండుగా వస్తుంది. యాసిడ్ పడ్డదానికి ఆ వైపు గట్టు కరిగి గుండ్రబడుతుంది. రెండోది అక్షరాల లావు. రేకు లేని బిళ్ళ పలుచన కాబట్టి బొమ్మ కాస్త నీరసంగా పడవచ్చు, గీతలు మాత్రం సన్నబడవు. మూడోది, నేను అన్నిటికన్నా నమ్మేది, మెరుపు. నాణేన్ని దీపం కింద వాలుగా పట్టి మెల్లగా తిప్పండి. అచ్చు దెబ్బ పడిన లోహం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. చేతులు మారి అరిగిన నాణెమైనా అక్షరాల సందుల్లో ఆ మెరుపు కొంచెం మిగులుతుంది. యాసిడ్ తిన్నచోట వెలుగు ఎటూ కదలదు, రవ్వ ఇడ్లీ పైభాగంలా గరుకుగా, చచ్చుగా ఉంటుంది.

పది రూపాయల బిళ్ళలో నడిభాగం పక్కకు తిరిగి ఉందంటారా? నడిభాగం, చుట్టూ ఉన్న కట్టు ఒకే దెబ్బకు అచ్చుపడతాయి, కాబట్టి తిరిగి ఉంటే ఊడదీసి మళ్లీ నొక్కినదే అనుకోండి. బిళ్ళ మందం మధ్యగా రెండు పలుచని రేకులుగా చీలడం, ఒక నాణెం అచ్చు ఇంకో నాణేనికి కోసిన బిళ్ళ మీద పడటం ఉన్నాయి గానీ, చిల్లరలో వాటిని వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ఆ యాసిడ్ క్వార్టర్ నా పెట్టెలో మంచి క్వార్టర్ పక్కనే ఉంది. మీది తెస్తే మూడూ ఒకే దీపం కింద పెట్టి తిప్పుదాం.