వల, డబ్బా, ఉత్తరేణి గింజ: మంచు సముద్రానికి బయల్దేరే వైజాగ్ పిల్లలకి

వైజాగ్ వాళ్ళకి చలి అంటే లంబసింగే. డిసెంబర్‌లో తెల్లవారుజామున వెళ్ళి, పొగమంచులో టీ తాగి, గడ్డి మీద పేరుకున్న మంచుని ఫోటో తీసుకుని వచ్చేస్తాం. ధ్రువాల చలి కూడా ఇలాంటిదే, ఇంకో రెండు స్వెట్టర్లు తోడైతే చాలు అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని వెళ్ళాను. అయితే మన ఒంటి గురించి చెప్పేవాళ్ళకి కొదవలేదు. అంటార్కిటికా వెళ్ళేవాళ్ళకి ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ (సరిహద్దు పోలీసులు) వాళ్ళు మంచులో నడిపించి మరీ నేర్పుతారు, ఓడలో డాక్టర్ ఉంటాడు. పరిశోధన కోసం మనం పట్టబోయే ప్లవకాల, అంటే నీళ్ళతో పాటు కొట్టుకుపోయే చిన్న చిన్న జీవుల, జాగ్రత్తలే ఎవరూ చెప్పరు. మైనస్ 1.8 డిగ్రీల నీళ్ళలో హాయిగా బతికే ప్రాణులు అవి. చలి వాటికి ఇల్లు. వాటిని చంపేది మన గది వెచ్చదనం, మన లైటు, మన మంచినీళ్ళు. ఈ ఏడాది వెళ్తున్నవాళ్ళకి నాకు తెలిసినంతలో ఆ సంగతే ముందు చెబుతాను.

బయల్దేరేలోపు ఒక్కసారైనా ఫిషింగ్ హార్బర్‌లో పడవ మాట్లాడుకుని, లాసన్స్ బే దాటాక వల వేసి చూడండి. ఎండ మండిపోతున్నా సరే, చేతులకి మందపాటి గ్లవ్స్ తొడుక్కునే వేయండి. వల చివరి డబ్బా విప్పడం, తాడు ముడి వేయడం, సీసా మూత తిప్పడం అన్నీ గ్లవ్స్‌తోనే చేయాలి. అక్కడ చెయ్యి బయటపెట్టి ఇనుము ముట్టుకుంటే చర్మం అతుక్కుపోతుంది. నేను ప్రాక్టీస్ చేస్తుంటే పడవ నడిపే పెద్దాయన నా 200 మైక్రాన్ల కన్ను వలని వేళ్ళతో నలిపి చూసి, "ఏటి బాబూ, దోమతెర తెచ్చినావు, దీంట్లో ఏటి పడతాది?" అన్నాడు. డబ్బాలో ఎగురుతున్న చుక్కల్ని చూపించాను. "మా చేపల మేతా ఇది!" అని నవ్వాడు. నేను పావుగంట చెప్పాలనుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఆ వలని మాత్రం అలాగే మడతపెట్టి పెట్టెలో పెట్టొద్దు. మన తీరంలో ఏటా వేసవి ముందు అడుగునీళ్ళు పైకి వచ్చినప్పుడు డయాటమ్స్, అంటే గాజు పెంకు ఉండే ఒంటికణం నాచు, విపరీతంగా పెరుగుతాయి. ఆస్టెరియొనెల్లా అనే డయాటమ్ వాల్తేరు దగ్గర సముద్రం రంగే మార్చేసిందని 1969లోనే అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. దాని ఇప్పటి పేరులో 'గ్లేసియాలిస్' అని ఉంది, అంటే మంచుది అని. మంచు పేరు పెట్టుకుని మన ఉక్కపోతలో బతికేస్తోంది, దాని ధైర్యం దానిది! ఇక్కడి జీవి ఏదీ మన వలలో దాక్కుని అంటార్కిటికా చేరకూడదు. వలని మంచినీళ్ళతో బాగా కడిగి, పూర్తిగా ఆరాకే సర్దండి. బట్టల విషయంలో ఇంకా జాగ్రత్త. కైలాసగిరి మెట్లెక్కినప్పుడు ప్యాంటు అంచుకి అంటుకున్న ఉత్తరేణి గింజ, వెల్‌క్రోలో ఇరుక్కున్న గడ్డి విత్తు, బూటు అడుగున ఎండిన మట్టి, ఇవన్నీ నిషిద్ధమే. వాక్యూమ్ క్లీనర్‌తో జేబు జేబూ లాగేయండి. సామాను సర్దేటప్పుడు ఖాళీల్లో థర్మాకోల్ ముక్కలు, పూసలు పోయడం మనకి అలవాటు. 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అవి అంటార్కిటికాలో అడుగు పెట్టకూడదు. పాత దుప్పట్లు చుట్టండి, ఎలాగూ చలికి పనికొస్తాయి.

ఇక అసలు చోటు, మంచు. సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పుని బయటికి తోసేస్తుంది. ఆ ఉప్పునీళ్ళు మంచు లోపల వెంట్రుకంత సన్నటి కాలువల్లో మిగిలిపోతాయి. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఆ కాలువల్లో నీళ్ళు మామూలు సముద్రం కంటే నాలుగు రెట్లు ఉప్పన. డయాటమ్స్ కాపురం అందులోనే. డ్రిల్లుతో మంచు దిమ్మని గుండ్రంగా కోసి పైకి తీస్తే, పైనంతా తెల్లగా ఉండి, నీళ్ళకి ఆనుకున్న చివరి కొన్ని సెంటీమీటర్లు కాఫీ డికాషన్ రంగులో ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు మట్టి అంటిందనుకుని తుడవబోయాను. మట్టి కాదు, మొత్తం ప్రాణమే.

ఆ ముక్కల్ని బకెట్‌లో వేసి, త్వరగా కరుగుతాయని హీటర్ పక్కన పెట్టాను. గంటలో కరిగాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే ఖాళీ గాజు పెంకులు, పగిలిన కణాలు, బురద. ఉప్పులో బతికినవాటిని ఒక్కసారి చప్పనీళ్ళలో పడేస్తే కణంలోకి నీరు తోసుకొచ్చి పగిలిపోతుంది. రోజంతా చేసిన పని బకెట్‌లో పోయింది. ఇక్కడ తొందర అసలు పనికిరాదు. మంచుకి వడకట్టిన సముద్రపు నీళ్ళు కలపాలి. మామూలు 9 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న దిమ్మ అయితే ప్రతి సెంటీమీటరు ముక్కకి 100 మిల్లీలీటర్లు చొప్పున పోస్తాం. చీకట్లో, 4 డిగ్రీల దగ్గర, తీరుబడిగా కరగనివ్వాలి. ఎంత నీళ్ళు పోశారో అప్పుడే రాసుకోండి, లేకపోతే తర్వాత లెక్కంతా తప్పుతుంది. ఉప్పు, పోషకాలు కొలవడానికి మాత్రం ఏమీ కలపని దిమ్మ వేరే తీయాలి. ఒకే దిమ్మతో రెండు పనులూ కానిచ్చేద్దాం అనే ఆశ మానుకోండి.

దిమ్మ పైకి రాగానే నల్ల పాలిథిన్ కప్పండి. మంచు కింద గుడ్డి వెలుగుకి అలవాటుపడ్డ కణాలు నేరుగా ఎండ తగిలితే దెబ్బతింటాయి. మనం నల్లద్దాలు పెట్టుకుంటాం కదా, వాటికీ ఆ మర్యాద ఇవ్వాలి. శీతాకాలపు ఆర్కిటిక్‌లో, అంటే నెలల తరబడి రాత్రే ఉండే కాలంలో, జంతు ప్లవకాలు చంద్రుడి వెలుగుని బట్టి కిందికీ పైకీ తిరుగుతాయని 2016లో తేలింది. ఓడ లైట్లు వేసి ఉంచితే 200 మీటర్ల లోతు దాకా వాటి తీరు మారుతుందని 2020లో తేలింది. డెక్ అంతా వెలిగించి వల వేస్తే మనం లెక్కపెట్టేది సముద్రంలో ఉన్నవాటిని కాదు, మన లైటుకి బెదరగా మిగిలినవాటిని. వల వేసే వేళకి వీలైనన్ని లైట్లు ఆర్పించండి. డెక్ పనివాళ్ళ పెద్ద అయిన బోసన్‌ని ముందే ఒప్పించాలి, అప్పటికప్పుడు అడిగితే కసురుతాడు. భద్రతకి కావలసిన లైటు మాత్రం ఆర్పొద్దు.

వల పైకి వచ్చినప్పుడు గంజి పట్టినట్టు జిగురుగా ఉంటే అది ఫియోసిస్టిస్ అనే జిగురు నాచు. కన్నులు మూసుకుపోయి వల నీళ్ళని వడకట్టడం మానేసి పక్కకి తోసేస్తుంది. లాగే దూరం తగ్గించండి, వలలోంచి ఎంత నీరు పోయిందో కొలిచే ఫ్లోమీటర్ అంకెని అనుమానించండి. వలని సముద్రపు నీళ్ళతోనే కడగాలి. అక్కడ మంచినీళ్ళు పోస్తే క్షణాల్లో గడ్డకట్టి వల అప్పడంలా బిగుసుకుపోతుంది. కలానస్ లాంటి కోపిపాడ్లు (రొయ్య జాతి చిన్న ప్రాణులు) ఒంట్లో నూనె సంచి మోస్తూ ఉంటాయి. చలికాలమంతా ఆ నూనె మీదే గడుపుతాయి. వాటిని ప్రాణంతో చూడాలంటే బకెట్‌ని డెక్ మీదే ఉంచి, మీరే చలికోటు వేసుకుని దాని దగ్గరికి వెళ్ళాలి. క్యాబిన్‌లోకి తెస్తే సాయంత్రానికి అడుగున పడి ఉంటాయి. చిన్న రొయ్యల్లా ఉండే క్రిల్‌ని చిన్న సీసాలో కుక్కొద్దు.

నీటి ఉప్పు, వేడి, లోతు కొలిచే సీటీడీ పరికరం గొట్టంలో చుక్క నీరు మిగిలినా డెక్ మీద గడ్డకట్టి పగులుతుంది. వాడనప్పుడు వెచ్చటి చోట పెట్టండి, నీళ్ళలోకి దించాక కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు కిందికి పంపండి. నమూనాలు పాడవకుండా పోసే ఫార్మలిన్ చలికి తెల్లగా విరుగుతుంది, అలా విరిగినది వాడొద్దు. బాగున్నదైనా గాలి ఆడే చోటే వాడాలి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి, బాల్‌పెన్ మొరాయిస్తుంది.

మీ సంగతి క్లుప్తంగా. లోపల కాటన్ బనియన్ వద్దు, చెమటకి తడిసి ఐస్ అవుతుంది. సముద్రపు మంచు లోపల ఉప్పు వల్ల మెత్తగా ఉంటుంది, సరస్సు మంచు లెక్క దీనికి పనికిరాదు. మందం కొలవకుండా, ఒంటరిగా దాని మీద నడవొద్దు. నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి ఎగపీలుస్తుంది, ఆ నిమిషం తల పైన ఉంచడమే పని. ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో, మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి ఉన్న ఊళ్ళో బ్లూటూత్, వైఫై ఆపేయాలి, అక్కడి యాంటెన్నాలకి అడ్డు. తలుపులకి తాళం వేయొద్దు, ధ్రువపు ఎలుగుబంటి వస్తే ఎవరైనా దూరిపోవడానికి. ఇంటి దగ్గర అమ్మకి ఈ చివరి ముక్క చెప్పకండి, అనవసరంగా టెన్షన్.

తిరుగు ప్రయాణం తేలిక అనుకోవద్దు. మీ సీసాలు మన ఊరు చేరేది ఏప్రిల్, మే ఎండల్లో కావచ్చు. డీప్‌ఫ్రీజర్‌కి జనరేటర్ కనెక్షన్ ఉందో లేదో వెళ్ళకముందే కనుక్కోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరికి రోజుల తరబడి కరెంట్ లేదు. అలాంటి రోజున డీఎన్ఏ నమూనాలు ఏమవుతాయో ఊహించుకోండి. అందుకే ప్రతి నమూనాని అక్కడే రెండు భాగాలు చేయండి. ఒకటి మీతో తెచ్చుకోండి, రెండోది గోవాలో ధ్రువ పరిశోధన కేంద్రం వాళ్ళని అడిగి అక్కడి ఫ్రీజర్‌లో పెట్టించండి, రిజిస్టర్‌లో మీ పేరు, తేదీ, ఎన్ని సీసాలో రాయించి.